సైకిళ్ళ గడిలో సున్నా

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇంజనీర్లు నలుగురు మా ఇంటికి వచ్చారు. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. ఉద్యోగంలో చేరి ఇంకా నెల తిరగలేదు. కరీంనగర్‌లో రిటైరైన పాత సారు ఒకాయన ఉన్నాడు, రోడ్ల పనంతా ఆయనకు నోటికి వచ్చు అని ఎవరో చెప్పారట. చాయ్ తాగుతూ "మీ అనుభవం చెప్పున్రి సార్" అన్నారు. గంటన్నర చెప్పాను. గోదావరి పొంగినప్పుడు ఒక వంతెనను ఎట్లా కాపాడుకున్నామో చెప్పాను. కాంట్రాక్టర్ పంపిన మామిడిపళ్ళ బుట్టను ఎట్లా వాపసు పంపానో చెప్పాను. పిల్లలు సంతోషంగా వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు, ఎందుకంటే చెప్పాల్సింది చెప్పలేదు.

అది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇందులో ఉండవు. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో తెలియని సంగతి రిటైరయ్యాక ఒక్క ఏడాదిలో, ఒక సైకిల్ రిపేర్ షాపులో తెలిసింది. తెలిసింది అనడం మర్యాదకు. నిజానికి దిమ్మ తిరిగింది. ఇప్పటికీ పూర్తిగా తేరుకోలేదు.

ఆదిలాబాద్‌లో మొదటి లెక్క

నా మొదటి పోస్టింగ్ ఆదిలాబాద్. చేరేనాటికి పత్తి సీజను. జిన్నింగ్ మిల్లుల ముందు ఎడ్లబండ్లు, లారీలు బారులు తీరి ఉండేవి. నాకిచ్చిన మొదటి పని వాహనాల లెక్క. రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చుని, ఆ దారిన పోయే ప్రతి బండికీ ఫారంలో ఒక గీత పెట్టాలి. లారీకి ఒక గడి, బస్సుకు ఒక గడి, కారుకు, ఎడ్లబండికి, అన్నిటికన్నా చివర సైకిల్‌కు. ఆ లెక్కను బట్టే రోడ్డు మందం ఎంత ఉండాలో, వెడల్పు ఎంత ఉండాలో, పక్కన ఏం చెయ్యాలో తేలుతుంది.

నాతో గంగారాం అని ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. ఒద్దికైన మనిషి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా పెట్టి కట్ట కడుతూ, కళ్ళు రోడ్డు మీద నుంచి తిప్పేవాడు కాదు. అందరికన్నా ముందు సైకిళ్ళ గడే నిండిపోయేది. మిల్లు కూలీలు, పాలవాళ్ళు, పంతుళ్ళు, అప్పట్లో అంతా సైకిళ్ళే. గడి చాలక ఫారం వెనక రాసేవాడు.

మూడోనాడు మా డిప్యూటీ ఇంజనీర్ దేశ్‌పాండే సార్ జీపులో వచ్చాడు. ఇంట్లో మరాఠీ మాట్లాడే మనిషి, పనిలో గట్టివాడు, చేతికి మట్టి అంటనివాడు. మా ఫారాలు తిరగేసి నవ్వాడు.

"అరె బాబా, గీ సైకిళ్ళన్ని ఎందుకు రాసిన్రు? సైకిల్ బరువెంత? దాంతోని రోడ్డు ఖరాబైతదా?"

"కాదు సార్" అన్నాను.

"మరి? రోడ్డు మందం లారీని బట్టి ఉంటది. గివన్ని రాస్తె కూడుడు, దిద్దుడు, ఊకె పరేషాన్. సున్నా పెట్టు. ఖాళీగ ఇడిచిపెట్టకు, ఖాళీగ ఉంటె పైనోళ్ళు వాపస్ పంపుతరు."

గంగారాం మెల్లగా అన్నాడు, "గిన్నిమంది పోయిన్రు గద సార్. ఒక్కడు గూడ పోలేదని ఎట్ల రాస్తం?"

దేశ్‌పాండే సార్ జీపెక్కుతూ అన్నాడు, "పోనీ వయ్యా. వాళ్ళు పోయినట్టు రోడ్డుకు ఎర్కనే గాదు."

ఆ మాట నాకు భలే నచ్చింది. ఇంజనీర్ అంటే ఇట్లా ఆలోచించాలి అనుకున్నాను. కొత్త ఫారాలు తీసి, అన్నిట్లో సున్నాలు పెట్టి, కింద సంతకం చేశాను. గంగారాం తను రాసిన పాత ఫారాలను మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అవి ఏం చేశాడో నేను అడగలేదు.

ఆ తర్వాత నేను ఎక్కడ పనిచేసినా అదే పద్ధతి. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి చెప్తాను. రానురాను లెక్క మొదలుకాక ముందే, టెంటు గుంజలు పాతుతుండగానే, ఫారాల కట్ట ముందేసుకుని సైకిళ్ళ గడిలో సున్నాలు నింపేవాణ్ణి. మొదటి బండి ఇంకా రాకముందే ఆ గడి పని అయిపోయేది. కొత్తగా వచ్చిన పిల్లలకు అదే నేర్పాను. "సైకిల్ వస్తే చాయ్ తాగుదాం" అని నవ్వించేవాణ్ణి కూడా.

నేను లంచం తీసుకోలేదు. తారులో కల్తీ జరగనివ్వలేదు. ఆ మాట చెప్పుకుని ముప్ఫై మూడేళ్ళు ఛాతీ విరుచుకు తిరిగాను. ఇప్పుడు ఒక మాట చెప్తున్నాను వినండి. మన శాఖలో దొంగలను జనం కనిపెడతారు. నాలాంటి నిజాయితీపరుణ్ణి ఎవరూ అనుమానించరు, అందుకని మేం చేసిన తప్పు దశాబ్దాలపాటు భద్రంగా ఉంటుంది.

జీపు దిగమన్న మనిషి

మంథనిలో ఉన్నప్పుడు నాకొక పెద్ద సారు ఉండేవాడు, నర్సింగరావు గారని. రోడ్డు తనిఖీకి వస్తే చివరి మైలు నడిచేవాడు. ధోవతి కాదు గాని, ప్యాంటు మడమల పైకి మడిచి, గొడుగు వేసుకుని, వరి పొలాల పక్కన రోడ్డు అంచు వెంట నడుచుకుంటూ పోయేవాడు. మేం జీపులో వెనక మెల్లగా వచ్చేవాళ్ళం. డ్రైవర్, నేను నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి నావైపు తిరిగి, "జర దిగవయ్య, గీ అంచు సూడు" అన్నాడు.

"రేపు చూస్త సార్, ఎండ మస్తున్నది" అన్నాను.

ఆయన మళ్ళీ అడగలేదు. ఆ అంచు నేను చూడనూ లేదు. ఇంతకన్నా చెప్పడానికి మంథని గురించి నా దగ్గర ఏమీ లేదు, కానీ ఆ ఒక్క మాట గత ఏడాదిగా చెవిలో తిరుగుతూనే ఉంది.

ఖాజా భాయ్ షాపు

రిటైరయ్యాక షుగర్ వచ్చింది. రోజూ సైకిల్ తొక్కమన్నాడు డాక్టర్. కరీంనగర్‌లో మా వీధి చివర ఖాజా భాయ్ సైకిల్ షాపు ఉంది. ఆయన తండ్రి కాలం నాటి షాపు. అక్కడ సైకిల్ కొనడానికి పోతే, ఆదివారం పొద్దున అయిదారుగురు కూర్చుని ఏదో గట్టిగా మాట్లాడుకుంటున్నారు. అదే వాళ్ళ సైకిల్ సంఘం. ఖాజా భాయ్, సర్కారు బడిలో లెక్కల టీచర్ సుజాత, ఇంకో ముగ్గురు నలుగురు వచ్చేపోయేవాళ్ళు. రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు. షాపు షట్టరే ఆఫీసు.

నేను రోడ్ల ఇంజనీరునని తెలియగానే ఖాజా భాయ్ చేతులు తుడుచుకుని కుర్చీ వేశాడు. "సార్, మీరు మా సంఘంల చేరున్రి. మేం ఆఫీసుకు పోతె బయట నిలవెడుతుండ్రు. మీరుంటె లోపలికి పిలుస్తరు." గొప్పగా అనిపించి చేరిపోయాను.

వారం తిరగకుండానే మొదటి దెబ్బ తగిలింది. వేములవాడ వైపు పోయే రోడ్డులో, ఊరు దాటాక, రాళ్ళకుంట అనే పల్లె దాకా ఒక ముక్క ఉంది. ఆ రోడ్డు నాది. వెడల్పు చేయించింది నేను, రెండుసార్లు తారు పొర వేయించింది నేను. దాని మీద మొదటిసారి సైకిల్ తొక్కాను. వెనక నుంచి లారీ హారన్ కొట్టింది. పక్కకు దిగుదామని హ్యాండిల్ తిప్పాను. దిగడానికి పక్క లేదు. తారు అంచు నుంచి మట్టి దాకా జానెడు లోతు. ముందు చక్రం కిందికి జారి, నేను బోర్లా పడ్డాను.

మోచేయి చెక్కుకుపోయింది. లేచి ఆ అంచు పక్కనే కూర్చుండిపోయాను. నొప్పి కాదు, నమ్మబుద్ధి కాలేదు. తారు పొర వేసినప్పుడల్లా రోడ్డు కొంత ఎత్తు పెరుగుతుంది. పక్కన మొరం మట్టి పోసి సమానం చెయ్యాలి. ఆ పని ఎప్పుడూ చివర రాసుకుంటాం, చివరిది ఎప్పుడూ మిగిలిపోతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. కానీ జీపులో కూర్చున్నవాడికి అంచు కనపడదు. నా రోడ్డు మీద, నేను వేయించిన పొర మీద నుంచి నేనే పడ్డాను.

షాపులో ఈ కథ చెప్తే ఖాజా భాయ్ నవ్వలేదు. పక్కన వంకరపోయిన చక్రం పట్టుకుని నిలబడ్డ ఒకామెను చూపించాడు. "గీమె రాజవ్వ సార్. గదే అంచు మీద రెండుసార్లు వడ్డది."

రాజవ్వ రాళ్ళకుంట మనిషి. నలభై దాటి ఉంటుంది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని. పొద్దున ఆరింటికి అక్కడ ఉండాలి. అంత పొద్దున ఆటోలు రావు, బస్సు లేదు. ఇంట్లో సంపాదన ఆమె ఒక్కదానిదే.

"రెండుపాలి ఆలిశమైంది సారు" అంది రాజవ్వ. "ఇంకోపాలి ఐతె రానే రావద్దన్నడు మా సూపర్‌వైజరు. సోమారం దినమైతె గుండెలు అరచేతిలుంటయి. ఎములాడ రాజన్న గుడికి పొయ్యేటోళ్ళ కార్లు ఒకదానెనుక ఒకటి. మీరు గీ రోడ్డాఫీసు సారట గద. గా అంచు జర నింపియ్యున్రి."

నేను హామీ ఇచ్చాను. ఎంత తేలిగ్గా ఇచ్చానో తలుచుకుంటే ఇప్పుడు చిరాకేస్తుంది. రిటైరైనవాడికి హామీలు ఇచ్చే అలవాటు మాత్రం రిటైర్ కాదు.

దసరా ముందు సంఘం సైకిల్ ర్యాలీ పెట్టింది. ఊళ్ళో పేరున్న ఒక పెద్దమనిషిని పిలిచాం. ఆయన కారులో వచ్చాడు. ఫొటో కోసం సైకిల్ ఎక్కుతానంటే, తొందరలో ఎవరో షాపులోంచి చైను లేని సైకిల్ తెచ్చి పెట్టారు. ఆయన ఎక్కాడు, ఇద్దరు పట్టుకున్నారు, ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు పేపర్లో చూసి సుజాత టీచర్ కడుపు పట్టుకుని నవ్వింది. రాజవ్వకు చూపిస్తే, "మంచిగున్నది టీచరమ్మ. అంచు ఎప్పుడు నింపుతరట?" అని అడిగింది. ఆమె అడిగేది ఎప్పుడూ ఆ ఒక్కటే.

ఫైల్లో దొరికింది

చలికాలంలో కబురు తెలిసింది. వేములవాడ శివరాత్రి జాతర లోపల ఆ రోడ్డుకు కొత్త తారు పొర పడుతుందట. ఇదే అదను అనుకున్నాం. తారుతో పాటు రెండువైపులా సైకిళ్ళు పోయేటంత గట్టి పట్టీ వెయ్యాలని అర్జీ రాసుకుని ఆఫీసుకు పోయాం. ఖాజా భాయ్, సుజాత, నేను. రాజవ్వ సెలవు పెట్టి మరీ వచ్చింది.

అక్కడి ఇంజనీర్ నరేష్ నా దగ్గర పని నేర్చుకున్నవాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అందరికీ కుర్చీలు తెప్పించాడు. ఖాజా భాయ్ నావైపు చూసి కన్ను గీటాడు.

నరేష్ అర్జీ చదివి, ఫైలు తెప్పించి, తిరగేసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు. "సార్, మీరడిగింది న్యాయమే. కని పట్టీ వెయ్యాలంటె సైకిళ్ళు పోతున్నట్టు కాయిదం మీద ఉండాలె. ఈ రోడ్డుకు మూడుసార్లు లెక్క జరిగింది. మూడింట్ల సైకిళ్ళు సున్నా."

ఫైలు తిప్పి మా ముందు పెట్టాడు. మూడు ఫారాలు. మూడు గుండ్రటి సున్నాలు. వాటి కింద మూడు చోట్ల నా సంతకం.

రాజవ్వకు చదువు రాదు. "ఏం రాసిన్రు టీచరమ్మ?" అని అడిగింది.

"గీ రోడ్డు మీద సైకిల్ ఒక్కటి గూడ పోదట" అంది సుజాత.

రాజవ్వ మా అందరి మొహాలూ చూసింది, ఏదైనా హాస్యమేమోనని. "నేను రోజు పోత గద" అంది. ఫైలు వైపు వేలు చూపి, "ఎవలు రాసిన్రు సారు గిట్ల?" అని నరేష్‌ను అడిగింది.

నా సంతకం అందరికీ అర్థమయ్యేది కాదు. నరేష్‌కు మాత్రం బాగా తెలుసు. అతను నావైపు చూడకుండా, బల్ల మీద చూపు పెట్టి అన్నాడు, "ఎవరో పాత సార్లు. నేనేం జెయ్యలేను. ఐతె గప్పుడు పని చేసినోళ్ళు ఎవరన్న ఈ లెక్క తప్పని రాసిస్తె, మళ్ళ లెక్క పెట్టిస్త. పట్టీ గూడ ఎస్టిమేట్ల పెడ్త."

ఎంత సున్నితంగా దారి చూపించాడో చూడండి. రాసివ్వాల్సినవాడు అక్కడే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నోరు తెరిస్తే చాలు. నేను తెరవలేదు.

పెన్షన్ ఆగుతుందని భయపడ్డానా అంటే అదీ కొంత ఉంది. అంతకన్నా పరువు. ఆ నలుగురి ముందు, ముఖ్యంగా నాకు కుర్చీ వేసిన ఖాజా భాయ్ ముందు, ఆ సున్నా నాది అనడానికి నాలుక లేవలేదు. బయటికి వచ్చాక ఖాజా భాయ్ నా భుజం తట్టాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్. గప్పటి మీ దోస్తులెవరన్న ఉంటరు గద. అడుగున్రి జర."

"చూస్త" అన్నాను. ఆ తర్వాత షాపుకు పోవడం తగ్గించాను. మోకాలు నొప్పి అని చెప్పాను.

జాతర సోమవారం

తారు పడింది. జాతరకు పెద్దవాళ్ళు వస్తారని ఆదరాబాదరాగా వేశారు. రోడ్డు నల్లగా మెరిసిపోయింది. అంచు మాత్రం నింపలేదు, జాతర అయ్యాక చూద్దామన్నారు. అంటే జానెడు లోతు మీద మరికొంత పెరిగింది. రోడ్డు నునుపుగా ఉంది గనుక కార్ల వేగం కూడా పెరిగింది.

జాతర ముందటి సోమవారం పొద్దున ఖాజా భాయ్ ఫోన్ చేశాడు. "సార్, రాజవ్వ వడ్డది. పెద్ద దవాఖానల ఉన్నది."

వ్యాను ఏదో మరీ దగ్గరగా వచ్చిందట. తగల్లేదు. ఈమె పక్కకు దిగబోయింది, పక్క లేదు. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. నేను పోయేసరికి చేతికి కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. సుజాత పక్కన కూర్చుని ఉంది. రాజవ్వ పనిచేసే ఆసుపత్రిలో ఆ పొద్దునే ఇంకొకామెను పెట్టుకున్నారని సుజాత చెప్పింది. పడ్డ రోజు సాయంత్రం కూడా కాలేదు.

రాజవ్వ నన్ను చూసి లేవబోయింది. "తప్పు నాదే సారు. జర ముందుగాల్నే దిగాల్సుండె."

తప్పు నాదే అని ఆమె అనడంతో నేను ఇక తట్టుకోలేకపోయాను. మంచం కమ్మీ పట్టుకుని చెప్పేశాను. "రాజవ్వా, ఆఫీసుల గా సున్నా రాసింది నేను. మూడుసార్లు గూడ నేనే."

సుజాత తలెత్తి చూసింది. నాకు తిట్లు పడతాయనుకున్నాను, పడితే బాగుండేది. రాజవ్వ ఒకటే అడిగింది.

"మేం కనవడక రాయలేదా సారు, కనవడ్డా రాయలేదా?"

నా ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో ఎందరో పెద్ద అధికారులు నన్ను ప్రశ్నలు అడిగారు. ఇటువంటిది ఎవరూ అడగలేదు.

"కనవడ్డా రాయలే" అన్నాను.

ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. కోపంగా కాదు, అలిసిపోయిన మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు తిప్పుకుంది. నర్సు వచ్చి బయటికి పొమ్మనేదాకా నాకు కదలాలని తోచలేదు.

మర్నాడు షాపుకు పోయి ఖాజా భాయ్‌కి కూడా చెప్పాను. ఆయన చక్రం పుల్లలు బిగిస్తున్నాడు. బిగించడం ఆపలేదు. పని అంతా అయ్యాక చక్రాన్ని ఒకసారి తిప్పి, అది ఆగేదాకా చూసి అన్నాడు, "గా దినం ఆఫీసుల నా పక్కకే కూసున్నరు గద సార్ మీరు."

అంతే అన్నాడు. ఆ రోజు నాకు కుర్చీ వెయ్యలేదు.

మళ్ళీ లెక్క

నేను ఆ రోజే కూర్చుని కాగితం రాశాను. ఫలానా రోడ్డుకు జరిగిన మూడు లెక్కల్లో సైకిళ్ళ గడి నేను లెక్కించకుండా నింపినది, అది అబద్ధం, బాధ్యత నాది అని రాసి, ఈసారి అందరికీ అర్థమయ్యేటట్టు తెలుగులో సంతకం చేసి నరేష్ చేతికి ఇచ్చాను. అతను చదివి కుర్చీలో వెనక్కి వాలాడు.

"సార్, గిది ఫైల్ల పెడితె మీకే మంచిది గాదు. పెన్షన్ మీద ఎంక్వైరీ అంటరు. ఒద్దు సార్."

"పెట్టు" అన్నాను. "నీకు నేర్పింది గూడ తప్పే. అది గూడ మరిచిపో."

అతను ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాడు. ఎంక్వైరీ నోటీసు ఇప్పటికి ఒకటి వచ్చింది, జవాబు రాశాను. ఏమవుతుందో తెలియదు. దానికి భయం లేదని చెప్పను, ఉంది.

బడులు మూయకముందే లెక్క పెట్టాలని సుజాత పట్టుబట్టింది, సెలవులిస్తే ఆడపిల్లల సైకిళ్ళు కనపడవని. ఆఫీసు వాళ్ళ టెంటు పక్కనే మా సంఘం టెంటు వేశాం. మళ్ళీ అదే ఫారం, అవే గడులు. పొద్దున తెల్లవారుతుండగా కూర్చున్నాను. నా చేతిలో పెన్ను, సైకిళ్ళ గడి ఖాళీగా ఉంది. ముప్ఫై మూడేళ్ళలో లెక్క మొదలయ్యే వేళకు ఆ గడి ఖాళీగా ఉండటం, మొదటి రోజులు తప్పిస్తే, అదే మొదలు.

మొదటి గంటలోనే నిండిపోయింది. ఆఫీసు వాళ్ళు కూడా మాలాగే ఫారం తిప్పి వెనక రాస్తున్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. వీళ్ళంతా ఎక్కడి నుంచి వచ్చారని అడగబోయాను. ఎక్కడి నుంచీ కొత్తగా రాలేదు, రోజూ ఇదే దారిన పోతున్నవాళ్ళే.

కాస్త ఎండ ఎక్కాక రాజవ్వ నడుచుకుంటూ వచ్చింది. మెడకు వేలాడే గుడ్డలో కట్టుతో చెయ్యి. నాతో మాట్లాడలేదు. సుజాత పక్కన స్టూలు మీద కూర్చుంది. నేను గీతలు పెడుతుంటే ఆమె సుజాతకు పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

"గాయిన మల్లయ్య, పాలు వోస్తడు. గామె కనకలచ్చి, మార్కెట్ల కూరగాయలమ్ముతది. గీ ఇద్దరు పిల్లలు మా ఎనుక ఇంటోళ్ళు, పదో తరగతి. గా ముసలాయన పేరెర్క లేదు, కని రోజొస్తడు, ఎనుక గంప ఉంటది."

సుజాత ఆ పేర్లను ఫారం పక్క ఖాళీలో రాస్తూ పోయింది. నేను నా గీతలు చూసుకున్నాను, ఆమె పేర్లు చూశాను. ఆదిలాబాద్‌లో గంగారాం మడిచి సంచిలో పెట్టుకున్న ఫారాలు గుర్తొచ్చాయి. కళ్ళు మసకబారి రెండు గీతలు తప్పు పడితే కొట్టేసి మళ్ళీ రాశాను.

లెక్క ఆఫీసుకు చేరింది. మాదీ, వాళ్ళదీ సరిపోయాయి. ఎండాకాలం చివర, వానలు పడకముందే, ఆ ముక్కలో రెండువైపులా మొరం పోసి రోలర్‌తో తొక్కించారు. గట్టి పట్టీ కొత్త ఎస్టిమేట్‌లో ఉంది, నరేష్ నాకు చూపించాడు. అది వేసేదాకా నేను నమ్మను, ఈ శాఖ నాకు బాగా తెలుసు. ఖాజా భాయ్ ఈ మధ్య మళ్ళీ కుర్చీ వేస్తున్నాడు. రాజవ్వ చెయ్యి వంకరగా అతుక్కుంది, బ్రేకు పట్టుకునే బలం రాలేదు. ఊళ్ళో బడి దగ్గర వంట పనిలో చేరింది. సంపాదన సగానికి సగం పడిపోయింది. ఆమె సైకిల్ ఖాజా భాయ్ షాపులోనే ఉంది.

పిల్లలూ, మీరు ఇంటికి వచ్చినప్పుడు చెప్పలేనిది ఇంకొకటి మిగిలింది. లెక్క రోజు సాయంత్రం జరిగింది అది.

పొద్దు వాలింది. చివరి షీటు నింపి, కూడి, సంతకం చేయబోతున్నాను. అప్పటిదాకా నాతో మాట్లాడని రాజవ్వ దగ్గరికి వచ్చి, షీటు మీదికి వంగింది.

"అందరిని రాసిన్రా సారు?"

"రాసిన. ఒక్కలను గూడ ఇడిచిపెట్టలే."

"నన్ను?"

నియమం ప్రకారం ఆ రోజు ఆ దారిన పోయిన సైకిల్‌కే గీత. ఆమె నడిచి వచ్చింది. ఒక్క దొంగ గీత పెట్టినా పక్క టెంటు వాళ్ళ లెక్కతో తేడా వస్తుంది, మొత్తం కాగితమే అనుమానం పాలవుతుంది. సుజాతకూ అది తెలుసు, తల వంచుకుంది.

"నువ్వు ఇయ్యాల సైకిల్ మీద రాలే గద రాజవ్వా" అన్నాను.

ఆమె కట్టు కట్టిన చేతిని ఎడం చేత్తో సర్దుకుంది. "అయితె నాది ఇయ్యాల గూడ సున్ననే" అని, రాళ్ళకుంట వైపు నడిచిపోయింది.

నేను షీటు మీద సంతకం చేశాను. నా జీవితంలో తప్పు లేకుండా రాసిన మొదటి లెక్క అది. అందులో రాజవ్వ లేదు.